తొట్టిలో గోంగూర, గోంగూరలో బాతు

ఛాయాదేవి గారికి ఇంగ్లీషు రాదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. ఆవిడకి దాని అవసరం పడలేదు, అంతే. తణుకు నుంచి అమెరికా వచ్చి ఐదేళ్లయినా, షాపులో కౌంటర్ దగ్గర పిల్లతోనూ, పళ్ల డాక్టరుతోనూ, పార్కులో కుక్కల్ని తిప్పేవాళ్లతోనూ శుభ్రంగా తెలుగులోనే మాట్లాడుతుంది. చివర "ఓకేనా?" అని ఒక్క మాట చేరుస్తుంది. వాళ్లు "ఓకే" అంటారు. పని జరిగిపోతుంది.

మోరిస్‌విల్‌లో మేముండే అపార్ట్‌మెంట్స్‌లో మెట్లెక్కి పైకొస్తే ఎడమ వైపు మా ఇల్లు, కుడి వైపు వాళ్లది. బాల్కనీలు పక్కపక్కనే. మా బాల్కనీలో తువ్వాలు ఆరేస్తే వాళ్లింట్లో తిరగమోత వాసన దానికి పడుతుంది. ఆవిడ అన్నయ్య ఉత్తరాన, మంచు పడే ట్రాయ్‌లో ఉంటాడు. ఆయన చెల్లెలి పెళ్లయిన కొత్తలో గ్రీన్ కార్డ్‌కి ఫైల్ చేస్తే, ఆవిడకి మోకాళ్ల నొప్పులు మొదలయ్యాక అది చేతికొచ్చింది. పిల్లల్లేరు కాబట్టి మొగుడూ పెళ్లాం రెండు సూట్‌కేసులతో వచ్చేశారు. ట్రాయ్‌లో ఒక్క శీతాకాలం చూసి ఆవిడ భర్త వీరభద్రరావు గారు ఆ మంచుకో దండం పెట్టి, ఎవరో తెలిసినవాళ్లుంటే ఇటు వచ్చి, ఒక గోడౌన్‌లో అట్టపెట్టెలు మోసే పనిలో చేరారు. ఊళ్లో రైస్ మిల్లు గుమస్తాగా కూర్చుని చేసిన మనిషి. ఇక్కడ ఆ పెట్టెలు ఎత్తీ ఎత్తీ కుడి భుజం పట్టేసింది. బరువులు ముట్టుకోవద్దని డాక్టరు చెప్పాడు. బరువులు ముట్టుకోనివాడికి గోడౌన్‌లో పనేముంటుంది? షిఫ్టులు తగ్గించేశారు. ఆవిడ పొద్దుటి పూట డేకేర్‌లో పసిపిల్లల్ని చూసుకుని తెచ్చే జీతం మీదే ఇల్లంతా నడవాల్సి వచ్చింది.

అలా వాళ్లు శనివారాలు చర్చి హాల్లో ఉచితంగా సరుకులిచ్చే చోటికి వెళ్లడం మొదలుపెట్టారు. మొదటిసారి వీరభద్రరావు గారు తలొంచుకుని కారులోనే కూర్చుండిపోయారు. ఛాయాదేవి గారు లోపలికెళ్లి బియ్యం, బీన్స్ డబ్బాలు, ఇద్దరు ముగ్గురు స్నేహితురాళ్లతో సహా బయటికొచ్చింది.

ఆ హాల్లోనే ఒక మూల మిస్టర్ ఎర్ల్ అని ఒక పెద్దాయన బల్ల వేసుకుని కూర్చునేవాడు. మట్టి అక్కర్లేకుండా, కరెంటు లేకుండా, ఉత్త బకెట్‌లో ఆకుకూరలు పెంచడం నేర్పేవాడు. బకెట్ నిండా నీళ్లు, అందులో ఒక ఎరువు పొడి. మూతకి కన్నం. ఆ కన్నంలో చిల్లులు పెట్టిన పెరుగు కప్పు, కప్పులో గిన్నెలు తోముకునే స్పాంజి ముక్క, స్పాంజిలో మొలక. వేళ్లు నీళ్లలోకి దిగుతాయి. మొక్క తాగేకొద్దీ నీళ్లు తగ్గి, పైన కాస్త గాలి చేరుతుంది. కింది వేళ్లు తాగుతాయి, పై వేళ్లు ఊపిరి పీల్చుకుంటాయి. ఇంతే విద్య. కొనాల్సినవి తక్కువ, పారేసేవాటితో చేసేవి ఎక్కువ.

అన్నీ చెప్పి, చివర ఆయన రెండు చేతులూ పైకెత్తి, "నౌ జస్ట్ లీవ్ ఇట్ అలోన్" అన్నాడు.

ఛాయాదేవి గారు కళ్లనీళ్లు పెట్టుకున్నంత పని చేసింది. ఇంటికొచ్చాక మా ఆవిడతో అంది: "లీవ్ అంటే ఆకే కదమ్మా. అలోన్ అంటే ఒంటరి. పాపం ఆకు ఒంటరిగా ఉంటుంది, కాస్త కనిపెట్టుకుని ఉండమన్నాడు. ఎంత మంచి మనసో చూడు!"

ఇంక ఆ మొక్కల్ని కనిపెట్టుకుని ఉండడం మొదలైంది. అసలే ఆవిడ చేతికి నెమ్మదుండదు. ఇడ్లీకి ఆవిరి పట్టకముందే మూత తీసి చూసే రకం. సీరియల్ మధ్యలో బ్రేక్ వచ్చినప్పుడల్లా బాల్కనీలోకెళ్లి, మూత తీసి, కప్పు పైకెత్తి, వేళ్లు ఎంత పెరిగాయో చూసి, నాలుగు మాటలు చెప్పి, నీళ్లు తగ్గాయని మళ్లీ అంచుదాకా నింపేసేది. వేళ్లకి ఊపిరి పీల్చుకునే సందే లేదు. వారం తిరిగేసరికి మొక్కలన్నీ వడిలి మెడలు వాల్చేశాయి.

ఆ తర్వాతి శనివారం ఆ బకెట్‌ని అలాగే ఎర్ల్ దగ్గరికి మోసుకెళ్లారు. ఆయన వాసన చూసి, ముఖం అటు తిప్పుకుని, మూత ఎన్నిసార్లు తీశారని అడిగాడు.

"ఎవ్రీ అడ్వర్టైజ్‌మెంట్, సర్," అన్నారు వీరభద్రరావు గారు నిజాయితీగా.

ఎర్ల్ చాలాసేపు నవ్వాడు. లీవ్ అంటే ఆకు కాదనీ, దాని మానాన దాన్ని వదిలెయ్యమనీ వీరభద్రరావు గారు పెళ్లానికి తెలుగులో విప్పి చెప్పారు. "అలా అయితే ఆ మాటే చెప్పొచ్చుగా!" అని ఆవిడ ఎర్ల్‌నే కోప్పడింది, తెలుగులో. "ఓకేనా?" అని కూడా అంది. ఆయన "ఓకే" అన్నాడు.

రెండోసారి కాపలా పెట్టారు. బకెట్లకి కాదు, ఆవిడకి. వీరభద్రరావు గారు నొప్పి భుజానికి వేడినీళ్ల సంచీ పెట్టుకుని, బాల్కనీ గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చునేవారు. ఆవిడ అటు రాగానే కాలు అడ్డం పెట్టేవారు.

"ఒక్కసారి చూసొస్తానండీ."

"వద్దు."

"మూత తియ్యనండీ. బయట్నుంచి పలకరిస్తాను."

"పలకరింపులూ వద్దు. లీవ్ ఇట్ అలోన్."

ఆ మాట నేర్చుకున్నందుకు ఆయనకి చాలా గర్వంగా ఉండేది. వంటింట్లో ఆవిడ ఏదైనా సలహా అడిగినా అదే చెప్పేవారు.

ఈసారి ఇంకో తంటా వచ్చింది. బకెట్లతోపాటు, మంచాల కింద బట్టలు పెట్టుకునే పారదర్శకమైన ప్లాస్టిక్ పెట్టెలు కూడా వాడారు. వాటిలోకి ఎండ దూరి నీళ్లు పచ్చగా పాచి పట్టాయి. వెలుతురు తగలకుండా కప్పమన్నాడు ఎర్ల్. కప్పడానికి ఇంట్లో ఉన్నవి వీరభద్రరావు గారి పాత గళ్ల లుంగీలే. ఛాయాదేవి గారు ఒక్కో పెట్టెకీ ఒక్కో లుంగీ చుట్టి, ముందు చక్కగా ముడి వేసింది. కింద పార్కింగ్‌లోంచి చూస్తే ఆ బాల్కనీలో పొట్టి పొట్టి మనుషులు వరసగా నిలబడి, నెత్తిన ఆకులు పెట్టుకుని, ఎవరికోసమో ఎదురు చూస్తున్నట్టుండేది.

అపార్ట్‌మెంట్స్ మేనేజరు టామీ ఒకరోజు కింద ఆగి అలా పైకి చూస్తూ ఉండిపోయింది. బాల్కనీలో బట్టలు ఆరేయకూడదని అక్కడ రూలు. ఇవి ఆరేసినవో, కట్టుకున్నవో ఆవిడకి తేలలేదు. తల గోక్కుని ఆఫీసులోకి వెళ్లిపోయింది.

మొక్కలు మాత్రం బతికాయి. బతకడమా, విరగబడి పెరిగాయి. ఎర్ల్ ఇచ్చినవన్నీ లెట్యూస్ మొలకలే, ఇక్కడివాళ్లు సలాడ్‌లో వేసుకునే ఆకు. కాబట్టి ఇంటినిండా లెట్యూస్. పచ్చిగా తినమని ఆయన చెప్పాడు. "ఆకు పచ్చిగా నమలడానికి మేమేమైనా మేకలమా?" అని ఆవిడ పొయ్యి వెలిగించింది. లెట్యూస్ పప్పు చేసింది. లెట్యూస్ పులుసు పెట్టింది. లెట్యూస్ పచ్చడి నూరింది. బజ్జీ వేస్తే ఆకు నూనెలో ఎక్కడ మాయమైందో తెలియలేదు, ఉత్త శనగపిండి తేలింది. అన్నీ మా ఇంటికీ వచ్చేవి. పాపం, అన్నిటిదీ ఒకే రుచి. దేనికీ రుచి లేదు.

నాలుగో వారం వీరభద్రరావు గారు కంచం ముందు కూర్చుని, కుడి చెయ్యి గిరగిరా తిప్పి చూపించారు.

"ఛాయా, నా భుజం బాగైపోయిందే. రేపట్నుంచి పెట్టెలు మొయ్యడానికి వెళ్లిపోతాను."

"కూర్చోండి. ఇవాళ లెట్యూస్ పెరుగు పచ్చడి."

ఆ దెబ్బతో ఆవిడ ఇండియన్ స్టోర్‌లో గింజల ప్యాకెట్లు తెచ్చి తోటకూర వేసింది. పుదీనా రెమ్మలు స్పాంజిలో గుచ్చితే వారంలో వేళ్లు వేశాయి. చివరికి గోంగూర వంతు వచ్చింది. అది పొద లాంటి మొక్క, పెరుగు కప్పులో ఎన్నాళ్లని నిలబడుతుంది? ఎర్ల్ ఒక పెద్ద తొట్టీ, కొబ్బరి పీచు పొట్టు గట్టిగా నొక్కి చేసిన ఇటుకలూ ఇచ్చాడు. నీళ్లలో వేస్తే పొట్టు ఉబ్బుతుంది, ఒక్కటి చాలు అన్నాడు. అరచెయ్యంత ఇటుక ఏ మూలకి సరిపోతుందని ఆవిడ అన్నీ తీసుకెళ్లి బాత్‌టబ్‌లో పడేసి, నీళ్లు పట్టి డేకేర్‌కి వెళ్లిపోయింది.

స్నానానికెళ్లిన వీరభద్రరావు గారు పెట్టిన కేక మా ఇంట్లోకి వినిపించింది. నేను పరిగెత్తాను. టబ్ నిండా గోధుమ రంగు ముద్ద, పొంగి అంచు దాటుతోంది. ఆయన తువ్వాలు కట్టుకుని గోడకి ఆనుకుని నిలబడ్డారు. "ఇందాక లోపలికొచ్చినప్పుడు ఇంత లేదండీ," అన్నారు గొంతు తగ్గించి, అది వింటుందేమో అన్నట్టు. ఆ తర్వాత కొన్నాళ్లు ఆయన మా ఇంట్లోనే స్నానం చేశారు.

ఆ పొట్టులో వేసిన గోంగూర మాత్రం ఏప్రిల్ ఎండలకి ఏపుగా లేచింది. ఎర్ర కాడలు, చెయ్యంత ఆకులు. అప్పుడే మా కాంప్లెక్స్‌లో ఉండే విజయశ్రీ అనే అమ్మాయి, వరంగల్ వైపు పిల్ల, సాఫ్ట్‌వేర్, మెట్ల మీద ఎదురైంది.

"ఆంటీ, గీ గోంగూర స్టోర్లది కాదు గదా? ఎంత మంచిగున్నదో! నాకు రెండు కట్టలియ్యరా? పైసలు తీస్కోకపోతే నేను తీస్కోను."

విజయశ్రీ ఆ ఆకు ఫోటో తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో పెట్టింది. అంతే. శనివారం సాయంత్రానికి మా మెట్ల దగ్గర చెప్పులు నిండిపోయాయి. తోటకూర, పుదీనా, గోంగూర కట్టలు కట్టి, తడి పేపర్ టవల్ చుట్టి ఇవ్వడం వీరభద్రరావు గారి పని. బరువులు కావు కదా, భుజం కూడా ఏమీ అనలేదు. విజయశ్రీ ఫ్రిస్కోలో ఉండే ఆడపడుచుకి వీడియో కాల్‌లో చూపించి ఏడిపించింది కూడా. కొత్తగా ఇల్లు కొనుక్కున్న విజయశ్రీ, మే నెలలో గృహప్రవేశం భోజనాలకి పెద్ద తొట్టిలో గోంగూర మొత్తం తనకే కావాలని ముందే చెప్పి పెట్టుకుంది.

గృహప్రవేశం ఇంకో వారం ఉందనగా ఛాయాదేవి గారు పొద్దున్నే కత్తెర పట్టుకుని తొట్టి దగ్గరికెళ్లింది. గోంగూరలోంచి ఎవరో "హిస్స్" అన్నారు.

ఆవిడ కత్తెర వదిలేసి లోపలికి దూకింది. "ఏవండీ! గోంగూర బుస కొడుతోందండీ!"

వీరభద్రరావు గారు చీపురు పట్టుకుని, చీపురు ముందూ తాను వెనకా నడిచి, ఆకులు పక్కకి తొలగించారు. ఒక గోధుమ రంగు ఆడబాతు కొబ్బరి పొట్టులో గుంట చేసుకుని, తన ఈకలే పీకి మెత్తగా పరుచుకుని, గుడ్ల మీద కూర్చుని ఉంది. దించిన మెడ ఎత్తకుండా ఆయన్ని ఒక చూపు చూసింది. ఆయన చీపురు దించేశారు.

మేనేజరు టామీని పిలిచారు. ఆవిడ వచ్చి చూసి, నోరు నొక్కుకుని, ఆఫీసుకెళ్లి ఎవరికో ఫోన్ చేసి మళ్లీ వచ్చింది. ఈ పక్షులకి చట్టం ఉందట. గుడ్లు పొదిగే గూడుని కదపకూడదు, ముట్టుకోకూడదు. పిల్లలు బయటికొచ్చి వెళ్లేదాకా ఆ తొట్టి బాతుదే. ఈ సంగతంతా టామీ మెల్లగా, ఒక్కో మాటా విడదీసి చెప్పింది.

ఛాయాదేవి గారికి ఒక్క ఇంగ్లీషు మాటా అక్కర్లేకుండానే అర్థమైంది. గుమ్మంలో నిలబడి కాసేపు ఆ బాతుని చూసింది. తర్వాత వీరభద్రరావు గారి వైపు తిరిగి, "ఇన్నాళ్లకి మనింటికి ఒకత్తి పురిటికొచ్చిందండీ," అంది.

ఆయన చీపురు మూలన పెట్టి, లోపల్నుంచి ఒక దుప్పటి తెచ్చి, ఎండ పడే వైపు కడ్డీలకి కట్టారు.

ఇంక ఆ ఇంట్లో బాతే ఆడపడుచు. ప్రెషర్ కుక్కర్ విజిల్‌కి ఉలిక్కిపడుతుందని కుక్కర్ వాడకం మానేశారు. టీవీ సౌండ్ తగ్గించేశారు. వీరభద్రరావు గారు తుమ్ము వస్తే ముక్కు మూసుకుని మెట్ల దాకా పరిగెత్తి అక్కడ తుమ్మి వచ్చేవారు. తిండి పెట్టొద్దని టామీ మరీ మరీ చెప్పింది. ఛాయాదేవి గారు "ఓకే" అని తలూపి, ఆవిడ మెట్లు దిగగానే లెట్యూస్ ఆకు ఒకటి బాతు ముందు జారవిడిచింది. బాతు దాన్ని లటుక్కున మింగి ఇంకోటి అడిగినట్టు చూసింది. ఆవిడ మొగుడి వైపు తిరిగిన తీరు చూడాలి.

"చూశారా? వండకుండా ఇస్తేనే ఎంత ఇష్టంగా తింటోందో! మీకు వండి పెట్టినా అలకే."

అసలు చిక్కు విజయశ్రీది. గృహప్రవేశానికి గోంగూర ఎలా? ఛాయాదేవి గారు గ్రూపులో వాయిస్ మెసేజ్ పెట్టింది: "అమ్మా, అందరికీ నమస్కారం. గోంగూర ఇప్పట్లో కుదరదు. పురుడు జరుగుతోంది. ఎవరూ ఏమీ అనుకోకండి. తోటకూర, పుదీనా ఉన్నాయి. ఓకేనా?"

ఎవరికి పురుడో తెలియక గ్రూపు గ్రూపంతా గగ్గోలెత్తింది. ఆవిడ వయసు తెలిసినవాళ్లు మరీ కంగారు పడ్డారు. ట్రాయ్ నుంచి అన్నయ్య ఫోన్ చేసి, ముందు కాసేపు దగ్గి, "బావగారిని ఇవ్వు," అన్నాడట.

బాతు అని తెలిశాక జనం చూడ్డానికి రావడం మొదలుపెట్టారు. పిల్లల్ని వేసుకుని కార్లలో వచ్చారు. ఒకేసారి ఇద్దరే, నిశ్శబ్దంగా, గాజు తలుపు ఇవతల్నుంచే చూడాలని వీరభద్రరావు గారు రూలు పెట్టారు. బాతు బెదురుతుందని విజయశ్రీతో వచ్చిన అమెరికన్ కొలీగ్ చేత బూట్లు విప్పించి, గాలి పీల్చొద్దని సైగ చేశారు. పురిటింటికొచ్చినవాళ్లు ఉత్త చేతులతో వెళ్లకూడదని ఛాయాదేవి గారు ప్రతివాళ్లకీ తోటకూర కట్ట అంటగట్టింది. ఎవరూ ఊరికే తీసుకోలేదు. లుంగీలు కట్టిన పెట్టెల ముందు ఫోటోలు దిగి, ఇదెలా పెంచుతారని అడిగి, వచ్చే వారానికి కూడా ఆకు చెప్పి వెళ్లారు. విజయశ్రీ గృహప్రవేశంలో గోంగూర పప్పుకి బదులు తోటకూర పులుసు పెట్టింది. భోజనాల దగ్గర మాటలన్నీ బాతు గురించే అయ్యాయట.

మా ఆవిడా, ఛాయాదేవి గారూ, విజయశ్రీ కలిసి ఒక శుక్రవారం బాతుకి శ్రీమంతం కూడా చేశారు. బాతు ఒప్పుకోదని గాజులు తొట్టి అంచుకి తగిలించారు. గుడ్లు పెట్టాక శ్రీమంతం ఏమిటని నేను అడిగితే ముగ్గురూ నన్ను బయటికి పంపేశారు.

జూన్‌లో ఒక పొద్దున వీరభద్రరావు గారు మా తలుపు దబదబా బాదారు. "వచ్చేశారండీ! వచ్చేశారు!" పసుపూ నలుపూ కలిసిన దూదిపింజల్లాంటి పిల్లలు గోంగూర మొదళ్ల మధ్య తిరుగుతున్నాయి. తల్లి కడ్డీల మీంచి ఎగిరి కింద గడ్డిలో వాలి, రమ్మని పిలవడం మొదలుపెట్టింది. పిల్లలకి రెక్కలెక్కడివి? దూకాల్సిందే.

ఛాయాదేవి గారు లబోదిబోమంది. వీరభద్రరావు గారు మా పరుపు మీది దుప్పటి లాక్కుని కిందికి పరిగెత్తారు. నేనొక కొస, ఆయనొక కొస, ఇంకా కొత్తింటికి సామాను మార్చని విజయశ్రీ ఒకటి, టామీ ఒకటి పట్టుకుని బాల్కనీ కింద నిలబడ్డాం. పైనుంచి ఛాయాదేవి గారు "ఎడమకి! ఎడమకి!" అని అరుస్తోంది. మొదటి పిల్ల కడ్డీల సందులోంచి తల పెట్టి చూసి కుడివైపు దూకింది. మేం కుడికి పరిగెత్తేసరికి రెండోది ఎడమకి దూకింది. ఒకటి టామీ జుట్టులో పడింది. దుప్పటిలో మాత్రం ఒక్కటంటే ఒక్కటి పడలేదు. అన్నీ గడ్డిలో బంతుల్లా ఎగిరి పడి, దులుపుకుని, తల్లి వెనక బారు కట్టాయి. మేం దుప్పటి పట్టుకుని చూస్తూ ఉండిపోయాం.

పార్కింగ్ లాట్ దాటితే వాననీళ్ల చెరువు. వీరభద్రరావు గారు రోడ్డు మధ్యకెళ్లి రెండు చేతులూ చాపి కార్లన్నీ ఆపేశారు. నొప్పి భుజం పైకి లేవదని అప్పటిదాకా అందరికీ చెప్పేవారు. అది బ్రహ్మాండంగా లేచింది. ఊరేగింపు నీళ్లలోకి దిగేదాకా ఒక్క హారన్ మోగలేదు. ఛాయాదేవి గారు గట్టున నిలబడి, "జాగ్రత్తమ్మా, నెల లోపల చన్నీళ్లు మంచివి కావు," అని చెప్పి, ఆ మాట వినకుండా తల్లీపిల్లలు ఈదుకుంటూ పోతుంటే ముక్కు చీదుకుంది.

ఆ తొట్టిలో గోంగూర ముదిరి కర్రయిపోయింది. పీకేసి మళ్లీ వేశారు. ఇప్పుడు వాళ్లింట్లో కారు ఇన్సూరెన్స్ గోంగూర కడుతోంది, ఫోన్ బిల్లు పుదీనా కడుతోంది, లెట్యూస్ టామీ కొనుక్కుంటోంది. కూరల కోసం షాపుకెళ్లడం దాదాపు మానేశారు. చర్చి హాల్లో ఎర్ల్ పక్కనే ఛాయాదేవి గారికీ ఒక బల్ల వేశారు. మెక్సికో నుంచీ, బర్మా నుంచీ వచ్చిన ఆడవాళ్లకి ఆవిడ తెలుగులో నేర్పుతుంది. వాళ్లు వాళ్ల భాషలో అడుగుతారు. మా కాంప్లెక్స్‌లో ఇప్పుడు చాలా బాల్కనీల్లో బకెట్లున్నాయి.

వీరభద్రరావు గారు సొంతంగా కూడా ఒక బకెట్ పెట్టుకున్నారు. దాని దగ్గరికి భార్యని రానివ్వరు. అందులో దోస తీగ. అది కడ్డీలు పట్టుకుని పాకి పాకి మా బాల్కనీలోకి వచ్చి, ఇటువైపు ఒక్క కాయ కాసింది. గుండ్రంగా, పసుపు పచ్చగా, పప్పులోకి సరిగ్గా సరిపోయే కాయ. మా వైపు కాసింది కాబట్టి మాదేనని నేనంటాను. వేరు ఎవరి వైపుంటే కాయ వాళ్లదేనని ఆయనంటారు. నిన్న పొద్దున చూస్తే ఆ కాయ మీద స్కెచ్ పెన్నుతో "వీరభద్రరావు" అని రాసి ఉంది.

మా ఆవిడ అప్పటికే కందిపప్పు కడిగి పెట్టేసింది.